నాము: జొన్నచేలో దాగిన విషం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగళ్ళలోను, పులివెందుల మెట్టపొలాల్లోను జొన్న ఒట్టి తిండిగింజ కాదు. గింజ మనిషికి, చొప్ప పశువుకు. వాన మొగం చాటేసిన ఏడు, మోకాలెత్తు కూడా ఎదగక వాడిపోతున్న జొన్నలోకి ఆకలిగొన్న ఎద్దును వదలాలా వద్దా అన్నది సీమ రైతుకు పాత ప్రశ్న. ఆ లేత పైరు మేసిన పశువు కాసేపటికే వణికి, తూలి, కూలిపోతే 'నాము తిన్నది' అంటారు. రసాయనశాస్త్రంలో ఆ నాము పేరు హైడ్రోజన్ సయనైడ్. ఈ రెండు పేర్లూ కలుసుకోవడానికి చాలా కాలమే పట్టింది.

బెర్లిన్‌లో పుట్టిన ఒక నీలిరంగు నుండి 1782లో స్వీడన్ రసాయనికుడు షీలే ఈ ఆమ్లాన్ని వేరుచేశాడు. లేత జొన్నలో దానికి మూలమైన పదార్థాన్ని 1902లో డన్‌స్టన్, హెన్రీ అనేవారు కనుగొని, జొన్నకు గల అరబ్బీ పేరును బట్టి 'ధురిన్' అన్నారు. ఆకులో ధురిన్ ఒకచోట, దానిని విడగొట్టే ఎంజైము మరొకచోట ఉంటాయి. పశువు నమిలినప్పుడు రెండూ కలుస్తాయి, విషం పుడుతుంది.

మరి చంపేదెలా? సయనైడ్ కణాల శ్వాసను ఆపడాన్ని గమనించిన వార్‌బుర్గ్, ఆ శ్వాసకు ఇనుముతో కూడిన ఎంజైము ఆధారమని వాదించాడు. 1931లో నోబెల్ బహుమతి పొందాడు. కీలిన్ 1925లో సైటోక్రోములను వర్ణించాడు. మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌ను అందుకొనే చివరి ఎంజైము సైటోక్రోమ్ ఆక్సిడేజ్. సయనైడ్ దాని ఇనుమును పట్టేస్తుంది. అందుకే చనిపోయే పశువు నెత్తురు మరింత ఎర్రగా కనిపిస్తుంది: ఆక్సిజన్ ఉంది, వాడుకొనే దారి లేదు.

ఆ దారి మూసుకుపోతే తగ్గిపోయేది ఏటీపీ. కండరంలో దానిని ఫిస్కేతో కలిసి 1929లో కనుగొన్నవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు విడిగా కనుగొన్నాడు.

చంపే గుణమే సయనైడ్‌ను ప్రయోగశాలలో పనిముట్టుగా చేసింది. శ్వాసను ఒకచోట ఆపి చూస్తే ముందు మెట్లు ఏవో తెలుస్తాయి. ఆ ఆక్సిడేజ్‌కు ఎలక్ట్రాన్లను అందించే సైటోక్రోమ్ సి మైటోకాండ్రియా నుండి బయటపడితే, కణం తన చావును తానే మొదలుపెట్టుకోగలదని 1996లో షియావోడాంగ్ వాంగ్ బృందం చూపింది. ఊపిరికి పనికివచ్చేదే చావుకు కబురు కూడా!

విరుగుడూ ఉంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ జంటగా ఇవ్వడం 1933 నాటికే తెలుసు. రెండవది ఫోటోలు కడిగేవారి 'హైపో'నే. కాని నాము నిమిషాల్లో పనిచేస్తుంది. పశువైద్యుడు ఊళ్ళు దాటి రావాలి. అందుకే రైతుకు మిగిలింది జాగ్రత్త: పూతకు రాని జొన్నను, కోసిన మోళ్ళకు వానపడి లేచిన పిలకలను మేపరాదు, కోసి బాగా ఎండబెట్టిన చొప్పలో విషం చాలావరకు తగ్గుతుంది.

ఇదంతా రైతుకు తెలియక కాదు. కరువు ఏడు కళ్ళెదుట పచ్చగా ఉన్నది అదొక్కటే కావడమే అసలు కష్టం. విషాన్ని శాస్త్రం వివరించింది. ఆ పూట ఎద్దు ముందు వేయడానికి వేరే మేత చూపడం మాత్రం శాస్త్రం ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.