యంత్రసంభాషణ పరిభాష: సందేశ శబ్ద చరిత్రము

మెయిన్‌ఫ్రేము అనఁబడు పెద్ద గణకయంత్రమునకును, మీటలపలకయు నచ్చుయంత్రమో తెరయో గల దూరపు టెర్మినలునకును నడచు సంభాషణయందలి పరిభాష యంతయు నూతనకల్పిత మని తలంచుట సరికాదు. అందలి పదములు పెక్కులు తంతికార్యాలయమునుండి వచ్చినవి. వానిలో 'మెసేజి', అనఁగా సందేశము, అను మాట నడచిన త్రోవ విచారింపఁదగియున్నది.

1963వ సంవత్సరమున అమెరికాదేశమున 'ఆస్కీ' యను సంకేతలిపి ప్రకటింపఁబడెను. సున్న, ఒకటి యను గుర్తులు ఏడేసి చేరి యేర్పడిన 128 స్థానములలో అక్షరములతోపాటు అచ్చుపడని యాజ్ఞాసంకేతములును గలవు. ఆనాఁటి పట్టికలో 1వ స్థానమున సందేశారంభము, 2వ దానియందుఁ జిరునామాంతము, 3వ దానియందు సందేశాంతము, 5వ దానియందు 'నీ వెవ్వఁడవు?' అను ప్రశ్నయు నుండెను. ఇది యచ్చముగాఁ దంతివార్త స్వరూపమే. ఆ ప్రశ్నయు టెలిప్రింటర్లదియే. దానిని బంపఁగా నావలి యంత్రము తన పేరు దానే యచ్చొత్తి చెప్పెడిది.

1967 నాఁటి సవరణలో నీ స్థానములకే శీర్షికారంభము, పాఠారంభము, పాఠాంతము, పృచ్ఛ యను పేళ్లు గలిగెను. సందేశ శబ్దము పట్టికనుండి తొలఁగెను. ఇది పేరుమార్పు మాత్రమే యని త్రోసివేయరాదు. తంతివార్త యొక్కటిగాఁ బోవునది. గణకయంత్రముల వార్త ఖండములుగాఁ బోవును. ఒక ఖండము ముగిసినంతమాత్రమున సందేశము ముగిసిన దనవచ్చునా?

ఆ సంవత్సరమే ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన 'బైసింక్' పద్ధతియం దీ సంకేతముల వాడుక స్పష్టపడును. ఒకే తీఁగపైఁ బెక్కు టెర్మినళ్లుండఁగాఁ బ్రధానయంత్ర మొక్కొక్కదాని గుర్తును, వెంటనే పృచ్ఛాసంకేతమును బంపును. పంపవలసిన దేమియు లేనిది 'ప్రసారాంతము' అని బదులు పలుకును. కలది పాఠమును బంపును. ఇట్లు వరుసగా నడుగుట 'పోలింగు'. పోల్ అనఁగా మధ్యయుగాంగ్లమునఁ దల. తలల లెక్క యెన్నికయై, యెన్నిక యంత్రములకు సంక్రమించెను! ఇఁక, 'అందినది' యను బదులు 0 అనియు 1 అనియు రెండువిధములు; అవి మాఱిమాఱి వచ్చును. బదు లొక్కటియే యైనచో, దారిలో నొక ఖండము పోయి, పంపిన యంత్రము మరల నడిగినప్పుడు వచ్చిన బదులు ఏ ఖండమునకు సంబంధించినదో తెలియదు గదా.

నియమసముదాయమునకు 'ప్రోటోకా'లను పేరు 1967 ఏప్రిలులో ఇంగ్లండునందలి జాతీయభౌతికపరిశోధనాలయమున స్కాంటిల్‌బరీ, బార్ట్‌లెట్ అనువారు వ్రాసిన పత్రమునఁ గానవచ్చును. గ్రీకున నిది పపైరస్ చుట్టకు మొదట నంటించిన పుట. ధాత్వర్థమునుబట్టి 'తొలిపుట' యని తెలిఁగించినచో నవ్వులపా లగును. 'సంభాషణనియమ' మనుటయే యుక్తము.

ఆ సంస్థయందే డొనాల్డ్ డేవీస్, 1966లో, ఇతరభాషలకు సులువుగాఁ బోఁగల చిన్నమాట కావలయునని వెదకి ఖండమునకుఁ 'బ్యాకె'ట్టని పేరిడెను. 1969లో నెలకొన్న ఆర్పానెట్టునందు రెండు మాటలును నిలిచినవి: గణకయంత్ర మిచ్చునది సందేశము, దాదాపు 8000 బిట్లవఱకు; దారిలో నది 8 ప్యాకెట్లకు మించకుండఁ దునుకలై పోయి, గమ్యమునఁ దిరిగి కూడుకొనును. అందుచేత మెసేజి, టెక్స్టు, ప్యాకెట్టు అను మూఁటికిని దెలుఁగున 'సందేశ'మనియే వ్రాసినచో, ఏది విఱుగునో యేది కూడునో విద్యార్థి కెట్లు బోధపడును? మొదటిదానికి సందేశము, రెండవదానికిఁ బాఠము చాలును. మూఁడవదానికి సంస్కృతసమాసము వెదకనక్కఱలేదు; అంగడివాఁడు కట్టియిచ్చు 'పొట్లము' మన యింటనే కలదు.