సంక్రాంతి బియ్యం: కళ్ళం నుంచి గడప దాకా

డిసెంబరు నడిమిలో ధనుర్మాసం మొదలైంది లగాయతు కనుమ దాకా తెలుగు పల్లెల్లో ఇంటింటా సాగే దానాలకు ఆధారం వరి పంట. ఒకప్పుడు సార్వా కోసి, కుప్పలు నూర్చి, ధాన్యం గాదెలకు చేర్చే రోజులివే. ఏడాదిలో మరెప్పుడూ రైతు ఇంట ఇంత గింజ ఒక్కసారిగా కనిపించేది కాదు. హరిదాసులు, గంగిరెద్దులవాళ్ళు, బుడబుక్కలవాళ్ళు, జంగమదేవరలు, పగటివేషగాళ్ళు ఈ నెలలోనే ఊళ్ళమీదికి రావడానికి పండగ ఒక కారణమైతే, గాదె నిండుగా ఉండడం అంతకన్నా పెద్ద కారణం.

ఉత్తరాయణ పుణ్యకాలంలో దానం చేయాలన్న నమ్మకం చాలా పాతది. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో ఉత్తరాయణ నిమిత్తంగా చేసిన భూదానాలు కనిపిస్తాయి. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల మంత్రి హేమాద్రి కూర్చిన ‘చతుర్వర్గ చింతామణి’లో దానాలకే ఒక ఖండం కేటాయించారు. రాజులు భూములిస్తే గృహస్థులు తాహతు కొద్దీ నువ్వులు, గుమ్మడికాయ, పెద్దల పేర స్వయంపాకం ఇచ్చారు. ఒక పూట వండుకోవడానికి సరిపడా బియ్యం, పప్పు, కూరగాయలు కలిపి ఇచ్చేదే స్వయంపాకం. తెలంగాణలో ముత్తైదువులు సంక్రాంతి నోములు పట్టి, ఒకే రకం వస్తువులు పదమూడేసి తెచ్చి పంచుకోవడం ఇదే ఆచారంలో మరో పాయ.

పల్లెలో అసలు పంపకం మాత్రం కళ్ళంలోనే జరిగేది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి వంటి వృత్తులవాళ్ళకు పంట ఇల్లు చేరకముందే మేరలు కొలిచేవారు. ఏడాది పొడవునా చేసిన పనికి అది ప్రతిఫలం. ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలపై 1812లో బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వచ్చిన ‘ఐదవ నివేదిక’ మద్రాసు వైపు గ్రామాలను వర్ణిస్తూ ఊరి కొలువులవాళ్ళ జాబితా ఒకటి ఇచ్చింది. కరణం, కమ్మరి సరసనే జోస్యుడు, వాద్యగాడు, కవి కూడా అందులో ఉన్నారు. పాటకూ పద్యానికీ పంటలో వాటా ఉండేదన్నమాట. సంక్రాంతికి గడప ముందు నిలబడేవాళ్ళను ఒట్టి ముష్టివాళ్ళ కింద జమకట్టడం ఈ సంగతి మరిచిపోయిన తరాల అలవాటు.

దాతలను ఆశ్రయించి బతికే ఆశ్రిత కులాల కట్టుబాట్లు చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. పిచ్చిగుంట్లవాళ్ళు దాతల గోత్రాలు, వంశకథలు వల్లించేవారు. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివి అన్న ఒప్పందం ఇలాంటి కులాల్లో ఉండేది. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్టే ఊళ్ళూ పంచుకునేవారు. పరాయివాడు ఆ ఊళ్ళో అడిగితే తగువు కులపెద్దల దాకా వెళ్ళేది. అడగడం హక్కన్న ధీమా వచ్చినవాడికి, పెట్టకపోతే తప్పన్న జంకు ఇంటివాళ్ళకు అలా ఏర్పడ్డాయి.

ఒక్కొక్కరికి ఇచ్చే తీరు ఒక్కొక్కటి. హరిదాసు తెల్లవారకముందే బయలుదేరి, ఒక చేత తంబుర, ఒక చేత చిడతలతో కృష్ణ కీర్తనలు పాడుతూ వీధులు తిరుగుతాడు. నోరు తెరిచి ఏదీ అడగడు. తలమీది అక్షయపాత్రను దారిలో దించడు. పిల్లలు దోసిట బియ్యం తెస్తే వంగి పోయించుకుంటాడు. నెల పొడవునా రోజుకు ఇన్ని బియ్యం, చివరన పండగనాడు స్వయంపాకమో పంచో కొంత డబ్బో ముడుతుంది. గంగిరెద్దుకు ధాన్యంతోపాటు పాత చీరలు, పంచెలు ఇస్తారు. అవి దాని వీపున పడటం చూసినవాళ్ళకు తామిచ్చినదేదో, పక్కింటివాళ్ళు ఇచ్చినదేదో ఇట్టే తెలిసిపోతుంది. గుప్తదానం ఎంత గొప్పదైనా, ఊరి దాతృత్వానికి ఈ పోటీ కూడా ఊపునిచ్చిందని ఒప్పుకోక తప్పదు. బుడబుక్కలవాడు డమరుకం మోగిస్తూ ఇంటికి మంచి జరుగుతుందని పలికి పాత బట్టలు పట్టుకుపోతాడు. అందరిలో గడుసువాడు కొమ్మదాసరి. చెట్టెక్కి కూర్చుని, ఇస్తామని మాట ఇచ్చేదాకా పడిపోతానని బెదిరిస్తాడు.

బ్రిటిష్ పరిశోధకుడు ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాల గ్రంథంలో గంగిరెద్దులవాళ్ళ గురించి, బుడబుక్కలవాళ్ళ గురించి వివరంగా రాశాడు. కానీ ఆ కాలపు ప్రభుత్వానికి ఊరూరూ తిరిగేవాళ్ళంటే అనుమానం. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలు చేసి, పలు సంచార కులాలను పోలీసు నిఘా కింద పెట్టారు. స్వతంత్రం వచ్చాక ఆ చట్టం పోయింది. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన వెనకబడిన తరగతుల జాబితాలో గంగిరెద్దులవారు, బుడబుక్కల, ఒకప్పుడు భిక్షాటన చేసిన దాసరులు ‘ఏ’ గ్రూపులో చేరారు.

ఈ సంక్రాంతి దానాలు ఇప్పుడు తగ్గాయంటే, కారణం నాగరికత నేర్పిన పిసినారితనం కాదు. కళ్ళాలు మాయమయ్యాయి. యంత్రం కోసి నూర్చిన ధాన్యం చేలోంచే మిల్లుకో కొనుగోలు కేంద్రానికో పోతోంది. రైతు కూడా తిండిగింజలు బజారులో కొంటున్నాడు. మేరల స్థానంలో రొక్కం వచ్చింది. పట్నాల్లో హరిదాసులు మోటారు సైకిళ్ళమీద, మైకుల్లో పాటలు పెట్టుకుని తిరుగుతున్నారు. 2021 నవంబరులో గంగిరెద్దు నుదుట క్యూఆర్ కోడ్ కట్టి డబ్బు తీసుకుంటున్న వీడియోను కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పంచుకున్నారు. డిజిటల్ చెల్లింపులు ఎంత దూరం వెళ్ళాయో చెప్పడానికి అది ఉదాహరణ అయింది. ఈ మార్పులో అంతగా చర్చకు రానిది మరొకటి ఉంది. బియ్యపు డబ్బా ఇంట్లో ఆడవాళ్ళ చేతిలో ఉండేది. దోసిట బియ్యం పోయడానికి కోడలు గానీ అయిదేళ్ళ పిల్ల గానీ ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. ఫోను నుంచి డబ్బు పంపాలంటే సొంత ఖాతా గానీ, ఖాతా ఉన్నవాళ్ళ అనుమతి గానీ కావాలి.