ఓడదారిన విద్యార్థి

1857వ సంవత్సరమున కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో విశ్వవిద్యాలయములు వెలసినవి. మరుసటి యేడు మార్చి 10వ తేదీన వైద్యుడగు జేమ్స్ ప్యాటిసన్ వాకర్ రెండువందలమంది తిరుగుబాటు ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ రేవున దిగెను. చరిత్ర గ్రంథములలో ఈ రెండు విషయములును వేర్వేరు ప్రకరణములందుండును. విద్యను గూర్చి వ్రాయువారు చెరసాలను తలపరు. చెరసాలను గూర్చి వ్రాయువారికి విశ్వవిద్యాలయముతో పనిలేదు. కాని మిన్నీ బే తీరమున నిలిచి చూచువారికి ఈ రెంటిని కలుపు దారి యొకటి కానవచ్చును. అది ఓడదారి.

మిన్నీ బే పోర్ట్ బ్లెయిరులోని యొక చిన్న ప్రాంతము. ఆ పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. సమీపముననే జంగ్లీఘాట్ కలదు; శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి తరలివచ్చిన బెస్తల కుటుంబములు అచ్చట పెక్కు.

ఈ దారిన విద్యార్థి తొలుత సంకెళ్లతో వచ్చెను. ఉల్లాస్కర్ దత్తు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చదివినవాడు. వంగజాతిని కించపరచిన యొక ఆంగ్ల ఆచార్యునిపై చేయిచేసికొని కళాశాలనుండి వెడలవలసివచ్చెను. 1908లో అలీపూరు కుట్రకేసున పట్టువడెను. ఉరిశిక్ష అప్పీలులో ద్వీపాంతరవాసముగా మారెను. కలకత్తాలో విద్యుత్తు ట్రాములు 1902లోనే నడువసాగెను. విద్యార్థి యనువాడు కాలేజీ వీథి పుస్తకపు టంగళ్లనుండి గంగయొడ్డు వరకు నగరమంతయు తనదిగా తిరిగిన కాలమది. అట్టివానికి ఇచట దొరకినది పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పుగల కొట్టు. పని చేయనని మొండికెత్తినందుకు సంకెళ్లతో నిలువబెట్టగా, జ్వరము వచ్చి, మతి చలించి, తుదకు మద్రాసులోని పిచ్చియాసుపత్రికి చేర్చబడెను.

ఇరువదియేండ్ల పిమ్మట వచ్చినవారిలోను చదువు నడుమ నిలిచిన యువకులే హెచ్చు. కాకినాడ బాంబు కేసున శిక్షపడిన మన ప్రతివాది భయంకరాచారియు వారిలోనివాడు. 1933 మే 12న అప్పటికే అచ్చటనున్న ఖైదీలు నిరశనవ్రతము పూనిరి. బలవంతముగా పాలు పట్టించు యత్నమున మహావీర్ సింగు మరణించెను. మరి ఇద్దరును పోయిరి. ఆ మువ్వురి ప్రాణములకు మారుగా మిగిలినవారికి దీపము, పుస్తకములు, వార్తాపత్రికలు లభించినవి. అటుపిమ్మట కొట్లనడుమ చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి పాఠములు సాగినవి. తెలిసినవాడు చెప్పెను, తెలియనివాడు వినెను. తర్వాతికాలమున కొందరు దానిని తమ విశ్వవిద్యాలయమనిరి. ఈ మాట అతిశయోక్తిగా నాకు తోపదు. దీపమునకై ప్రాణములొడ్డిన విద్యార్థులు మన పెద్ద విశ్వవిద్యాలయములలో ఎందరుందురు? 1938 జనవరి నాటికి ఖైదీలందరు తిరిగి ఓడనెక్కిరి.

1942 మార్చిలో జపాను సైన్యము ద్వీపముల నాక్రమించెను; ఏప్రిలు 6న విశాఖపట్టణముపై బాంబులు పడెను. ఆ యుద్ధకాలమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తే వాల్తేరు విడిచి గుంటూరునకు తరలవలసివచ్చెను.

స్వాతంత్ర్యానంతరము దారి తిరుగబడినది. ఇప్పుడు ద్వీపమునుండి విద్యార్థి బయలుదేరవలసినవాడయ్యెను. పోర్ట్ బ్లెయిరున ప్రభుత్వ కళాశాల 1967లో గాని ఏర్పడలేదు. అంతవరకు పట్టము కోరినవానికి సముద్రము దాటక తప్పదు. ఆ కళాశాలను తొలుత పంజాబు విశ్వవిద్యాలయమునకు అనుబంధించిరి. లాహోరు పోగొట్టుకొని, తనకే గృహము లేక కొన్నాళ్లు తిరిగి, చండీగఢ్ చేరిన విశ్వవిద్యాలయమది. హిమాలయముల పాదమున కూర్చిన ప్రశ్నలకు బంగాళాఖాతపు టొడ్డున ఉత్తరములు వ్రాసిరన్నమాట! 1985లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయము స్థాపింపబడిన పిమ్మట అనుబంధము దానికి మారినది.

హిందీనుండి అనువదించునపుడు 'ముఖ్యభూమి' అను మాట వచ్చినచో నా కలము నిలుచును. ద్వీపవాసులు హిందీ మాటలాడునపుడును 'మెయిన్‌లాండ్' అనియే యందురు. అది ముఖ్యమైన భూమి యైనచో, తక్కినది ఏమి భూమి?

ఆ భూమి సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్నది. చెన్నైకి ఓడలో దాదాపు మూడు దినములు పట్టును. చదువులు ఆరంభమగు జూన్, జూలై మాసములందే నైరృతి ఋతుపవనము సముద్రమును కలచివేయును. బంకు తరగతిలో నూనెవాసన, ఇంజను మ్రోత, కడుపులో త్రిప్పట. తలక్రింద ధ్రువపత్రముల సంచి. మూడవనాటి సాయంకాలమున నగర దీపములు కనబడగా లేచి నిలిచినవానికి నేల ఇంకను ఊగుచున్నట్లే యుండును. అటుపై ఏ బస్సు ఏ కళాశాలకు పోవునో, ఏ లోకల్ రైలు ఎచట దిగవలెనో అడిగి తెలిసికొనవలెను. నేటి విమానము ఇదే దూరమును రెండు గంటల చిల్లరలో దాటును. వల లాగి బ్రదుకు ఇంటివారికి దాని టికెట్టు సులభముగా అందదు.

జంగ్లీఘాటు పిల్లవానికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తాతల యూరి చెంతనే యున్నది. ఐనను విశాఖకు నడచు ఓడలు అరుదు. కావున అతడు చెన్నైలో దిగి, రైలెక్కి, ఉత్తరముగా తిరిగి పోవలెను. సంక్రాంతికి తోడివారు రాత్రి రైలున శ్రీకాకుళము పోవుదురు. అతడు మాత్రము వసతిగృహమున కూర్చుండి ఓడల పట్టికను చూచుకొనును. పది దినముల సెలవు. ఓడపై పోను మూడు, రాను మూడు, మిగిలినవి నాలుగు. అందులో రైలునకు రెండు పోవును.