బొగ్గుబాయి ఇంట్లో అన్నం తగ్గించిన కథ

మా అత్తమ్మ నా మీద నిజంగా అలిగింది ఒక్కసారే. పైసల దగ్గరా కాదు, పిల్లల దగ్గరా కాదు. కంచంలో అన్నం దగ్గర.

2018 ఎండాకాలం అది. మా గోదావరిఖనిలో ఏ క్వార్టర్‌కు పోయినా "నువ్వు అన్నం మానేసినవా?" అన్న ముచ్చటే. వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ టీవీల్లో, యూట్యూబ్‌లో మారుమోగుతున్న రోజులు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ గోళీలు. అన్నం, రొట్టె, చక్కెర, పప్పు అన్నీ బంద్. కిరాణా కొట్టుకు పోయి కొబ్బరినూనె అడిగితే "తలకా అక్కా, తినడానికా?" అనేవాడు షాపు పిల్లగాడు. నేను అప్పుడు 78 కిలోలున్నాను. మెట్లెక్కితే ఆయాసం. నేనూ మొదలుపెట్టాను.

మొదటి వారంలోనే మూడున్నర కిలోలు తగ్గాను. ఎంత సంబరపడ్డానో! అది కొవ్వు కాదని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. మన కాలేయంలో, కండల్లో గ్లైకోజెన్ అని కొంత చక్కెర నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీళ్లను పట్టుకొని కూర్చుంటుంది. పిండి పదార్థాలు ఆపేస్తే ఆ నిల్వ ఖర్చయి, దాంతోపాటు నీళ్లూ ఉప్పూ వెళ్లిపోతాయి. మొదటి వారం తలనొప్పి, పిక్కలు పట్టేయడం అందుకే. అసలు కొవ్వు కరగడం ఆ తర్వాత మెల్లగా మొదలవుతుంది.

అత్తమ్మ అలక సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ డైట్ పుట్టుక చెప్పాలి. నాకైతే ఇది మన టీవీల్లో పుట్టిందనే ఉండేది. కాదట.

లండన్‌లో విలియం బాంటింగ్ అని ఒకాయన ఉండేవాడు. శవపేటికలు, అంతిమయాత్రలు ఏర్పాటు చేయడం ఆయన వృత్తి. 1862 నాటికి వయసు 66, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, బరువు 202 పౌండ్లు, అంటే మన లెక్కన 91 కిలోల పైన. వంగి బూట్ల తాడు కట్టుకోలేకపోయేవాడు. మోకాళ్ల మీద భారం పడకుండా మెట్లు వెనక్కి తిరిగి దిగేవాడట. అది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు, మా మెట్లే గుర్తొచ్చాయి. చెవి సరిగ్గా వినపడటం లేదని విలియం హార్వే అనే డాక్టర్ దగ్గరికి పోతే, ఆయన చెవిని వదిలి పొట్ట మీద పడ్డాడు. రొట్టె, పాలు, చక్కెర, బీరు, ఆలుగడ్డ మానెయ్యమన్నాడు. మాంసం, చేపలు, కూరగాయలు తినమన్నాడు. ద్రాక్షసారాకు మాత్రం అడ్డు చెప్పలేదు! ఏడాదిలో 46 పౌండ్లు తగ్గాడు బాంటింగ్. ఆ సంతోషంలో 1863లో తన అనుభవాన్ని ఒక చిన్న పుస్తకంగా అచ్చేసి ఊరికే పంచిపెట్టాడు. అది ఎంత పాకిందంటే, ఇంగ్లండ్‌లో డైటింగ్ చేయడాన్నే 'బాంటింగ్' అనడం మొదలైంది. దక్షిణాఫ్రికాలో ఇప్పటికీ ఈ తిండికి ఆ పేరే వాడుతారు.

తర్వాత 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రసెల్ వైల్డర్ అనే డాక్టర్ మూర్ఛ వచ్చే రోగుల కోసం కొవ్వు ఎక్కువ, పిండి చాలా తక్కువ ఉండే తిండిని ప్రతిపాదించాడు. 'కీటోజెనిక్' అన్న పేరు ఆయనదే. అంటే ఈ రోజు మనం నడుము సన్నబడటానికి తినేది ఒకప్పుడు ఆస్పత్రిలో, డాక్టర్ కళ్ల ముందు పెట్టిన పథ్యం. ఆ ముక్క నాకు అప్పుడే తెలిసుంటే బాగుండేది. 1972లో న్యూయార్క్ డాక్టర్ రాబర్ట్ అట్కిన్స్ పుస్తకంతో మళ్లీ గాలి వీచింది. ఆ గాలి మా బొగ్గుబాయిల దాకా రావడానికి ఇంకో 45 ఏళ్లు పట్టింది.

ఇక మా ఇంటి చరిత్ర.

మన దగ్గర బొగ్గు ఉందని 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. మా గోదావరిఖని మాత్రం 1960ల తర్వాత బాయిల చుట్టూ పెరిగిన ఊరు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఎవుసం గిట్టనివాళ్లు, భూమి లేనివాళ్లు వచ్చి బాయిల చేరారు. మా మామయ్య అట్లనే మంథని వైపు పల్లె నుంచి వచ్చి కోల్ ఫిల్లర్ అయ్యాడు. తట్టా చెమ్మస్ పని. బ్లాస్టింగ్ అయిన బొగ్గును తట్టకెత్తి టబ్బులో పొయ్యడం, షిఫ్టంతా అదే. బాయి నుంచి వస్తే కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనపడేవి కావట. స్నానం చేసి కూర్చుంటే అత్తమ్మ కంచంలో కుప్ప పోసేది. ఆ కుప్ప ఎంతంటే, ఇప్పుడు మేం నలుగురం తినేంత. మామయ్య ఫోటో ఇంట్లో ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

బాయి పని మెల్లగా మారింది. సింగరేణిలో 1975లో ఓపెన్‌కాస్ట్ వచ్చింది, 1983లో లాంగ్‌వాల్ యంత్రాలు వచ్చాయి. తట్టలు పోయి లోడర్లు వచ్చాయి. మామయ్య దిగిపోయాక వారసత్వ ఉద్యోగంలో చేరిన మా ఆయన ఇప్పుడు ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ ఆపరేటర్. ఎనిమిది గంటలు కూర్చొనే డ్యూటీ. నడుము నొప్పి ఉంటుంది, దుమ్ము ఉంటుంది, నైట్ షిఫ్ట్‌లో నిద్ర కాచుకోవాలి. కష్టం లేదని నేను అనను. కానీ చెమట లేదు. కంచంలో కుప్ప మాత్రం మామయ్యదే! తండ్రి తిన్నంత కొడుకు తినకపోతే కొడుకు చిక్కిపోయాడని అత్తమ్మకు దిగులు. నలభై దాటగానే మా ఆయనకు షుగర్ వచ్చింది. మా లైన్‌లో ఉన్న పన్నెండు క్వార్టర్లలో ఏడింటిలో షుగర్ గోళీలున్నాయి, నేనే లెక్కపెట్టాను.

"పాతకాలంలో జొన్నలు తిన్నరు, అందుకే షుగర్ లేదు" అని అందరూ అంటారు. నేనూ నమ్మాను. తీరా చూస్తే వంద గ్రాముల జొన్నల్లో 68 గ్రాముల దాకా పిండి పదార్థమే. బియ్యంలో దాదాపు 78. తేడా ఉంది, జొన్నల్లో పీచు ఎక్కువ, మెల్లగా అరుగుతాయి. కానీ జొన్న గటుక, మక్క గటుక తిన్న మన పెద్దలు చేసింది లో కార్బ్ డైట్ కానే కాదు. వాళ్లు తిన్నదంతా పొలంలోనో బాయిలోనో ఖర్చయిపోయింది, అంతే. అది కూడా కడుపు నిండా దొరికిన రోజున.

అత్తమ్మ చిన్నప్పుడు వరి బువ్వ పండుగకే. ఊళ్లో వరి పండకపోలేదు, చెరువు కింద పండేది. అది దొర ఇంటికి పోయేది. వీళ్లకు గటుకా, అంబలే. జ్వరం వస్తే పిల్లలకు ఇంత బియ్యం ఎక్కడో బదులు తెచ్చి గంజి కాచేవారట. "జొరమొస్తే మంచిగుండు అనుకునేటోళ్లం, బువ్వ పెడుతరని" అంటుంది అత్తమ్మ. 1963లో నెహ్రూ పోచంపాడులో శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాల్వ పారి, కరీంనగర్ జిల్లా పల్లెలకు నీళ్లొచ్చాక వరి పెరిగింది. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం పెట్టారు. అప్పటి నుంచే మూడు పూటలా అన్నం వండిన ఇళ్లు మా ఊళ్లో ఎన్నో. అంటే అన్నం మనకు 'అనాదిగా' ఉన్న తిండి కాదు, మా వైపు బీదింటికి నిండుగా వచ్చి నలభై ఏళ్లే. కొట్లాడి తెచ్చుకున్న తిండిని మానెయ్యమంటే ఎట్లుంటుంది?

అదే జరిగింది. నేను తగ్గుతున్నానన్న ఉత్సాహంలో మా ఆయనకూ మొదలుపెట్టాను. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం చికెన్, కొబ్బరినూనెతో కూర, రాత్రి సూప్. అన్నం కుక్కర్ ఎక్కించడం మానేశాను. మూడో రోజు అత్తమ్మ కంచం ముందు కూర్చొని, చెయ్యి కడుక్కొని లేచింది. "నా కొడుకు సంపాయించంగ నా ఇంట్ల బువ్వ లేదా?" అన్నది. ఆమె కంచంలో అన్నం ఉంది, ఆమె కోసం విడిగా వండాను. ఆమె అడిగింది కొడుకు కంచం గురించి. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను పట్టు వదల్లేదు. తొమ్మిదో రోజు ఫస్ట్ షిఫ్ట్. పొద్దున షుగర్ గోళీ వేసుకొని, గుడ్లు తిని పోయాడు. మస్టర్ పడి, డంపర్ నిచ్చెన మీద కాలు పెట్టేసరికి చేతులు వణికాయట. ఒళ్లంతా చెమట, కళ్లు మసక. పక్క ఆపరేటర్ అన్న చూసి, కూర్చోబెట్టి, చాయ్‌లో మూడు చెంచాల చక్కెర వేసి తాగించాడు. పావుగంటలో తేరుకున్నాడు. ఎక్కాక అయ్యుంటే? అరవై టన్నుల బండి, కింద మనుషులు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఆయన వేసుకునేది గ్లిమిపిరైడ్. అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను పిండి బయటికి తెస్తుంది. అన్నం తిన్నట్టే లెక్క వేసి డాక్టర్ ఇచ్చిన మోతాదు అది. నేను అన్నం తీసేశాను, గోళీ మాత్రం అట్లనే ఉంచాను. డాక్టర్‌కు ఒక్క మాట చెప్పలేదు. చెబితే వద్దంటాడని భయం! అక్కాచెల్లెళ్లారా, ఇంట్లో షుగర్ గోళీలో ఇన్సులినో వాడేవాళ్లుంటే కంచం మార్చే ముందు డాక్టర్ దగ్గరికి పొండి. బీపీ గోళీకీ అదే మాట. ఉప్పు, నీళ్లు తగ్గితే బీపీ కూడా పడిపోతుంది. మాది ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊరు, డ్యూటీలో చెమట పట్టేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం.

డాక్టర్ తిట్టలేదు. గోళీ సగం చేశాడు. అన్నం మొత్తం మానొద్దు, మూడో వంతు చెయ్యి అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక స్టీలు గ్లాసు ఉంది, అదే కొలత. వండిన అన్నం వంద గ్రాములకు 28 గ్రాముల పిండి పదార్థం. ఆ లెక్క తెలిస్తే గరిటె దానంతట అదే చిన్నదవుతుంది. తోటకూర, సొరకాయ, బీరకాయ ముందు, పప్పో గుడ్డో కోడికూరో దాంతో, చివరికి అన్నం. ఆయన జేబులో గ్లూకోజ్ పొట్లం ఎప్పుడూ ఉంటుంది.

హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. అది 1918లో కూనూర్‌లో బెరిబెరి రోగం మీద పరిశోధనకు పుట్టింది. మరపట్టిన తెల్లబియ్యమే ముఖ్యంగా తినేవాళ్లకు వచ్చే రోగం అది. 1958లో హైదరాబాద్‌కు మారింది. అదే సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది. వందేళ్ల కింద బియ్యంతో మొదలై, ఇంకా బియ్యం దగ్గరే ఉన్నాం.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి, దీన్ని ఎవరూ రాయరు. గుడ్లు, చికెన్, బాదం, వెన్న, మంచి నూనె పెట్టి నలుగురికి నెలంతా వండితే మా పర్మినెంట్ జీతానికే చెయ్యి తిరగలేదు. మా వెనక లైన్‌లో ఉండే కాంట్రాక్ట్ కార్మికుడి ఇల్లాలు నన్ను అడిగింది, "అక్కా, నేను గూడ తగ్గాలె, ఏం తినాలె?" అని. ఏం చెప్పను? రేషన్‌లో వచ్చేది బియ్యమే. చివరికి గుడ్లు, శనగలు, ఆకుకూరలు, అన్నం సగం అని చెప్పాను. ఆమె నాలుగు నెలల్లో మూడు కిలోలు తగ్గింది. ఆ మూడు మళ్లీ పెరగలేదు కూడా.

నా సంగతి అంటారా? 78 నుంచి 69కి దిగాను. సద్దుల బతుకమ్మ, దసరా, సంక్రాంతి సకినాలు దాటేసరికి 74. ఇప్పుడు 71 దగ్గర ఆగింది. బాంటింగ్ అంత గట్టిదాన్ని కాను.

2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం మొదలయ్యాయి. ఊళ్లో అత్తమ్మ పేరు మీద కార్డు ఉంది. ఆరు కిలోలు సంచిలో కట్టుకొని బస్సులో వచ్చింది. అరుగు మీద కూర్చొని పిడికిట పట్టి, గింజలు వేళ్ల మధ్య జార్చుకుంటూ చాలాసేపు చూసింది. "దొరింట్ల గూడ గిసొంటియి లేకుండె" అన్నది. ఆ రాత్రి తనే వండింది. స్టీలు గ్లాసు తనే తెచ్చి కొడుకు కంచంలో బోర్లించింది. తర్వాత నా వైపు ఒకసారి చూసి, గరిటెతో ఇంకొంచెం వేసింది. ఆయన నా మొహం చూశాడు. నేను సొరకాయ కూర గిన్నె ఆయన ముందుకు జరిపాను.