సీసపు అక్షరం నుంచి పేజ్‌మేకర్ దాకా

మా అనంతపురంలో డీటీపీ, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పని, నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చే పిల్లలకు పప్పూరు రామాచార్యులు గారి కథే మొదటి పాఠం. 1926లో ఆయన ఈ ఊరి నుంచి 'శ్రీ సాధన పత్రిక' మొదలుపెట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళిన మనిషి, కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికపై సంతకం చేసినవారిలో ఒకరు. తరిమెల నుంచి వచ్చిన విద్వాన్ విశ్వానికి పత్రికా రచనలో చేయి తిరిగింది ఆ పత్రికలోనే. తర్వాత ఆయన తరిమెల నాగిరెడ్డితో కలిసి 'నవ్యసాహిత్యమాల' పేరుతో పుస్తకాలు తెచ్చారు. 1958లో పుట్టపర్తిలో 'సనాతన సారథి' మాసపత్రిక మొదలైంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని ఈ నేలలో అచ్చు పని అలా వేళ్ళూనుకుంది.

ఆ కాలంలో పేజీ అంటే బరువున్న వస్తువు. ఇంగ్లీషు కంపోజిటర్‌కు 26 అక్షరాలు, వాటి పెద్దబడీ చిన్నబడీ, అంకెలు ఉంటే చాలు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిసేసరికి కేసులో వందల గళ్ళు కావాలి. కంపోజిటర్ చేతిలో స్టిక్ పట్టుకుని, తలకిందులుగా ఉండే అక్షరాలను ఎడమ నుంచి కుడికి పేరుస్తాడు. పంక్తుల మధ్య ఎడం కోసం సన్నని సీసపు పట్టీలు పెడతాడు. పేర్చిందంతా చట్రంలో బిగించి ట్రెడిల్ అచ్చుయంత్రం ఎక్కిస్తారు. అచ్చయ్యాక ప్రతి అక్షరాన్నీ కడిగి తిరిగి దాని గడిలో వేయాలి. ఆ పని చేసినవాళ్ళు పెద్ద చదువులు చదవలేదు. అయినా పంతులుకు దొరకని తప్పు వాళ్ళ కంటికి దొరికేది.

ఈ పద్ధతిని ప్రపంచమంతా మార్చేసింది 1985. ఆపిల్ మెకింటాష్ కంప్యూటర్, లేజర్‌రైటర్ ప్రింటర్, పేజీని ప్రింటర్‌కు వర్ణించి చెప్పే అడోబీ వాళ్ళ భాష పోస్ట్‌స్క్రిప్ట్, పేజీలు కూర్చే ఆల్డస్ కంపెనీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, ఈ నాలుగూ ఆ ఏడాది ఒకచోట చేరాయి. ఆల్డస్ స్థాపించిన పాల్ బ్రెయినర్డ్ అంతకుముందు పత్రికల రంగంలో పనిచేసినవాడు. వెనిస్ నగరపు పాతకాలం ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ పేరునే తన కంపెనీకి పెట్టుకున్నాడు. పత్రికాఫీసులో బల్ల మీద కత్తిరించి అతికించే పని అతనికి తెలుసు. అందుకే పేజ్‌మేకర్ తెరిస్తే తెర మీద కాగితం, దాని చుట్టూ ఖాళీ బల్ల కనిపిస్తాయి.

తెలుగును ఆ బల్ల ఎక్కించడం మరో కష్టం. అప్పటి ఫాంటులో 256 గళ్ళే ఉండేవి. మన అక్షరాలన్నీ అందులో పట్టవు. కాబట్టి తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అన్నీ ముక్కలుగా విడగొట్టి, ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో కూర్చోబెట్టారు. హైదరాబాదు అను ఫాంట్లు, పుణె శ్రీలిపి ఇలాంటివే. ఏ కీ నొక్కితే ఏ ముక్క పడుతుందో వేళ్ళు కంఠస్థం చేయాల్సిందే.

నేను కమలానగర్‌లోని చిన్న సెంటర్లో ఈ పని నేర్చుకున్నది తొంభైల చివర్లో. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. శెనక్కాయ పంట వరసగా ఎండిపోయిన రోజులు. ఊళ్ళో ఇళ్ళకు తాళాలేసి జనం బెంగుళూరు కూలికి పోతున్నారు. ఇంట్లో ఆడపిల్లను అంత దూరం పంపలేక, బస్సులో పోయి సాయంత్రానికి తిరిగొచ్చే పని ఏదైనా నేర్చుకోమన్నారు. మాకు నేర్పినాయన ఒకప్పటి కంపోజిటర్. ప్రెస్సు మూతపడితే వయసు మళ్ళాక మౌసు పట్టినారు. "ముందు కాగితం మీద గీయి పాపా, మెషీన్ తర్వాత ముట్టుకుందువు," అనేవారు.

అలా గీసిన తర్వాతే తెర దగ్గరికి. డెమ్మీ సైజు పుస్తకానికి ఎంత మార్జిన్ వదలాలి, కుట్టు వైపు ఎందుకు ఎక్కువ వదలాలి. పేజీ నంబరును మాస్టర్ పేజీలో ఒక్కసారి పెడితే అన్ని పేజీల్లోకీ ఎలా వస్తుంది. కంట్రోల్ డి నొక్కి మ్యాటర్ తెచ్చుకున్నాక, గడి అడుగున ఎర్ర త్రికోణం కనిపిస్తే ఇంకా మ్యాటర్ మిగిలి ఉందని గుర్తు. దాన్ని నొక్కి తర్వాతి కాలమ్‌లోకి పారించాలి. మన ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి ఇంగ్లీషుకు సరిపోయే పంక్తి ఎడం తెలుగుకు చాలదు. పై పంక్తి ఒత్తు కింది పంక్తి గుడికి తగిలితే చదివేవాడి కన్ను ఆగిపోతుంది. సీసపు పట్టీలతో ఆయన నేర్చిన లెక్కే ఇది.

ఆ విద్యతో మాలాంటి ఎందరో బతికారు. పెళ్ళి పత్రికలు, ఎన్నికల కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు బటర్ పేపర్ మీద ప్రింటు తీసి ఆఫ్‌సెట్‌కు పంపేవాళ్ళం. వాటికంటే నాకు ఇష్టమైనవి కథల, కవితల పుస్తకాలు. కరువు గురించి రాసి, జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో వేసుకునే రచయితలు ఈ జిల్లాలో చాలామంది. వాళ్ళ పుస్తకాలు పెద్ద ప్రచురణకర్తల గుమ్మం తొక్కకుండా ఇక్కడి డీటీపీ సెంటర్లలోనే పుట్టాయి. సీమ సాహిత్య చరిత్ర రాసేవాళ్ళు ఈ సెంటర్లను మరిచిపోకూడదు.

1994లో ఆల్డస్ అడోబీలో కలిసిపోయింది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 తర్వాత మరో వెర్షన్ రాలేదు. 1999లో పుట్టిన ఇన్‌డిజైన్ దాని చోటు తీసుకుంది. ఇప్పుడు నేర్చుకునేవాళ్ళకు నేను, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్‌తోనే మొదలుపెడతాను. డబ్బు లేనివాళ్ళు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌తో సాధన చేయవచ్చు. మార్జిన్, కాలమ్, పంక్తి ఎడం, ప్రూఫు, ఈ నాలుగూ వస్తే ఏ సాఫ్ట్‌వేర్ అయినా వస్తుంది.

పాత ఫైళ్ళ సంగతి వేరు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే మన కథలు అర్థంలేని ఇంగ్లీషు గుర్తులై కనిపిస్తాయి. వాటిలో వెతికితే ఒక్క తెలుగు మాటా దొరకదు. డీటీపీ సెంటర్లు నడిపినవారికీ, పుస్తకాలు వేసుకున్న రచయితలకూ నా విన్నపం ఒక్కటే: మీ సీడీల్లో, పాత హార్డ్‌డిస్కుల్లో ఉన్న పేజ్‌మేకర్ ఫైళ్ళను, వాటిని తెరిచే యంత్రాలు పనిచేస్తుండగానే బయటికి తీసి యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక ప్రూఫు చూడండి. ఒక ప్రతిని గ్రంథాలయానికి ఇవ్వండి.