మందుగుండు నుంచి తల్లిపాల దాకా

  1811లో పారిస్‌లో బెర్నార్డ్ కూర్త్వా నెపోలియన్ యుద్ధాల కోసం సూరేకారం తయారుచేస్తున్నాడు. కట్టెల బూడిదకు కరువొచ్చి, సముద్రపు నాచు కాల్చిన బూడిదతో నెట్టుకొస్తున్నాడు. ఓసారి అందులో గంధకామ్లం మోతాదు మించింది. ఊదారంగు ఆవిరి లేచింది. అయోడిన్ అలా బయటపడింది.

1816లో ఫ్రెడరిక్ ఫాన్ స్టేడియన్ అనే ఆస్ట్రియా రసాయనవేత్త పొటాషియం క్లోరేట్ మీద అదే గంధకామ్లం పోసి పర్‌క్లోరేట్‌ను కనుక్కున్నాడు. ఈ క్లోరేట్‌కూ మందుగుండు చరిత్ర ఉంది. ఫ్రెంచి రసాయనవేత్త బెర్తొలే సూరేకారం బదులు దాన్ని తుపాకిమందులో వాడి చూడబోతే, 1788లో ఎస్సోన్ దగ్గర పేలి మనుషులు పోయారు.

ఐదేళ్ల తేడాతో పుట్టిన అయోడిన్‌కూ పర్‌క్లోరేట్‌కూ పడదని తెలియడానికి 1952 దాకా పట్టింది. థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను లాక్కోకుండా ఏ లవణాలు అడ్డుపడతాయో వింగార్డెన్ బృందం పరీక్షించింది. అప్పటికి తెలిసిన థయోసయనేట్ కంటే పర్‌క్లోరేట్ సుమారు పదిరెట్లు గట్టిగా అడ్డుపడింది. డాక్టర్లు దాన్ని మందుగానే పట్టుకున్నారు: థైరాయిడ్ మితిమీరి పనిచేసేవాళ్లకు కొన్నేళ్లు ఇచ్చారు. 1960లలో కొందరికి ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణాలు పోయేసరికి వాడకం బాగా తగ్గింది.

ఈలోగా రాకెట్ల కాలం వచ్చింది. ఘన ఇంధనం మండాలంటే ఆక్సిజన్ దానిలోనే ఉండాలి. ఆ పని అమ్మోనియం పర్‌క్లోరేట్‌ది. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఇదే. అమెరికాలో నెవాడా రాష్ట్రం హెండర్సన్‌లో దీన్ని తయారుచేసే కర్మాగారాలు రెండు ఉండేవి. వాటిలో పెప్‌కాన్ 1988 మే 4న పేలిపోయింది, ఇద్దరు చనిపోయారు. ఆ పేలుడు అందరికీ కనబడింది. ఏళ్ల తరబడి అక్కడి నేలలోకి ఇంకి, కొలరాడో నదిలోకి చేరుతున్న పర్‌క్లోరేట్ మాత్రం ఎవరి కంటా పడలేదు.

కనబడకపోవడానికి కారణం కొలిచే పరికరమే. లీటరు నీటిలో 400 మైక్రోగ్రాములకు తగ్గితే అప్పటి పద్ధతులకు అందేది కాదు. 1997లో కాలిఫోర్నియా ఆరోగ్యశాఖ ఆ హద్దును 4 మైక్రోగ్రాములకు దించింది. అంతే, నిన్నటిదాకా శుభ్రంగా ఉన్న బావులన్నీ ఒక్కసారిగా అనుమానంలో పడ్డాయి. కొలరాడో నది నీటితోనే అమెరికాలో శీతాకాలపు ఆకుకూరలు చాలామటుకు పండుతాయి. పర్‌క్లోరేట్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది, కాచినా పోదు. మొక్క వేళ్లతో పీల్చిన నీరు ఆకుల నుంచి ఆవిరైపోతుంది, పర్‌క్లోరేట్ ఆకులోనే మిగులుతుంది.

టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంలో ఆండ్రియా కిర్క్, పూర్ణేందు దాస్‌గుప్తాల బృందం పాల మీద పడింది. 2005లో ప్రచురించిన ఫలితాల్లో అంగడి పాలలో లీటరుకు సగటున 2 మైక్రోగ్రాములు, తల్లిపాలలో 10.5 ఉన్నాయి. తల్లిపాలలో ఎక్కువ ఎందుకుండాలి? థైరాయిడ్‌లోకి అయోడిన్‌ను మోసుకెళ్లే ప్రోటీనే పాలిచ్చే రొమ్ములోనూ ఉంటుంది. దాని జన్యువును 1996లో నాన్సీ కరాస్కో బృందం పట్టుకుంది. ఆ ప్రోటీన్ అయోడిన్ అనుకుని పర్‌క్లోరేట్‌ను ఎక్కించుకుంటుంది. బిడ్డకు అక్కర్లేనిది అందుతుంది, అందాల్సిన అయోడిన్ తగ్గుతుంది. కడుపులోని శిశువుకూ పసిబిడ్డకూ మెదడు ఎదగడానికి థైరాయిడ్ హార్మోను కావాలి గనక భయమంతా వాళ్ల గురించే. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2,820 మంది మూత్రం పరీక్షించి 2006లో ప్రచురించిన ఫలితాల్లో అందరిలోనూ పర్‌క్లోరేట్ ఉంది. అయోడిన్ తక్కువున్న ఆడవాళ్లలో అది పెరిగేకొద్దీ థైరాయిడ్ హార్మోను తగ్గుతోందని కూడా తేలింది.

మరి ఎంత వరకు ఫరవాలేదు? నాకు ఈ కథలో అన్నిటికన్నా విచిత్రంగా తోచేది ఇక్కడే. 2002లో గ్రీర్ బృందం 37 మంది ఆరోగ్యవంతులైన పెద్దలకు రెండు వారాలు పర్‌క్లోరేట్ ఇచ్చి చూసింది. ఆ ఒక్క అధ్యయనం ఆధారంగానే అమెరికా శాస్త్ర అకాడమీ 2005లో రోజుకు కిలో బరువుకు 0.7 మైక్రోగ్రాములంది. అంతర్జాతీయ ఆహార నిపుణుల సంఘం 2010లో 10 అంది. యూరప్ ఆహార సంస్థ 2014లో 0.3 అంది. ఒకే లెక్క పుస్తకం, ముప్ఫై రెట్లకు మించిన తేడా! పసిపిల్లల విషయంలో నేనైతే యూరప్ వైపే మొగ్గుతాను. 2020లో అక్కడ ఆకుకూరలకు, టీ ఆకుకు, పసిపిల్లల పాలపొడికి వేర్వేరు హద్దులు పెట్టారు.

మనవైపు పర్‌క్లోరేట్ అంటే రాకెట్ల కంటే ముందు బాణసంచా గుర్తొస్తుంది. శివకాశి పరిసరాల భూగర్భజలంలో అది లీటరుకు 7,690 మైక్రోగ్రాముల దాకా ఉన్నట్టు 2013లో ప్రచురితమైంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన విలువ 70. కేరళలో ఇస్రో అమ్మోనియం పర్‌క్లోరేట్ కర్మాగారమున్న అలువా దగ్గరి బావుల్లోనూ దొరికింది.

బాణసంచా కాల్చిన చోట సంగతి అమెరికాలోని ఏడా పట్టణం చెరువు చెప్పింది. జూలై 4 స్వాతంత్ర్య దినోత్సవ సంబరాల తర్వాత అక్కడి నీటిలో పర్‌క్లోరేట్ లీటరుకు 44 మైక్రోగ్రాముల దాకా ఎగబాకింది, మామూలు స్థాయికి రావడానికి 20 నుంచి 80 రోజులు పట్టింది. యానాంలో దీపావళి మసి గౌతమి గోదావరిలో పడితే పోటుపాట్లే చూసుకుంటాయి. నీళ్లు నిలవుండే చెరువుల మాట వేరు, కొలిచి చూడాల్సింది అక్కడ.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో పర్‌క్లోరేట్‌కు హద్దు లేదు. ఉన్న రక్షణ ఉప్పు డబ్బాలో ఉంది: 2006 నుంచి మన దేశంలో తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదు. గర్భిణికి, పాలిచ్చే తల్లికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.