రొయ్య మీద ఐసు

తెల్లారకముందే నిజాంపట్నం దగ్గర చెరువు గట్టు మీద ఉన్నారు మీరు. రేపల్లె వైపు నుంచి వచ్చిన లారీ లైట్ల వెలుగులో పట్టుబడి సాగుతోంది. వల పైకి రాగానే వెనామీ రొయ్యలు టపటపా ఎగురుతాయి. "ఐసు ఎయ్యండ్రా, తొందరగా!" అని రైతు కేక. ఐసు కలిపిన నీళ్లతొట్టిలో ట్రే మునుగుతుంది. కాసేపటికే ఆ ఎగురుడంతా ఆగిపోతుంది.

ఒకటి చేతిలోకి తీసుకోండి. వేళ్లు జివ్వుమంటాయి. తల పెంకు గాజులా మెరుస్తోంది. ఇప్పుడు గట్టు మీద జారిపడి ఉండిపోయినదాన్ని ఎండెక్కాక చూడండి. తల అంచున నల్లటి మరక. రొయ్య ఒంట్లోని ఎంజైమ్, గాలిలోని ఆక్సిజన్ సాయంతో తెచ్చిన నలుపు అది. ఐసులో ఉన్నదానికీ ఆ మరక వస్తుంది. కాకపోతే రోజులు పడుతుంది.

చర్య జరుగుతుందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఎంతసేపట్లో జరుగుతుందన్నది వేరే ప్రశ్న. రసాయనశాస్త్రంలో కైనెటిక్స్ పట్టించుకునేది రెండోదాన్ని. ఈ రైతు పెట్టుబడంతా దాని మీదే నిలబడి ఉంది.

వేడి అంటే అణువుల పరుగే. అవి ఢీకొన్న ప్రతిసారీ చర్య జరగదు, తగినంత ఊపు ఉంటేనే జరుగుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1889లో ఈ లెక్క తేల్చాడు. చాలా చర్యలకు 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు. అదే లెక్కన 30 డిగ్రీల నుంచి సున్నాకు దింపితే సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఐసు చేసే పని అదే: అణువుల ఊపు తగ్గించడం.

ఆ ఊపు ఒంటికి తెలియాలంటే రేపల్లెలో తెనాలి రైలెక్కండి. పెట్టె కదిలిన కుదుపు వీపుకు తగులుతుంది. ఇది భౌతికశాస్త్రపు కైనెటిక్స్: ఎంత బరువును ఏ బలం కదిలిస్తోంది, ఆపాలంటే ఎంత కావాలి. భట్టిప్రోలు దాటాక వేగం 30 నుంచి 60 కిలోమీటర్లకు చేరిందనుకోండి, గతిశక్తి నాలుగింతలవుతుంది. అదే బ్రేకుతో ఆగడానికి నాలుగింతల దూరం పడుతుంది. గేటు పడ్డాక కూడా కిందనుంచి బండి దూర్చే కుర్రాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. డ్రైవరు చూసినా రైలు అక్కడికక్కడ ఆగలేదు.

తెనాలిలో బండి మారి బాపట్లలో దిగుతారు. అక్కడ రొయ్యలు కొంటే ఐసు మీదున్నవే అడగండి. సంచిలో గుప్పెడు ఐసు వేయించుకోండి. ఇంటికెళ్లి కడిగేదాకా దాన్ని పారబోయకండి.